బట్ట తాను చింపొద్దన్న వర్తకుడు: పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ వారం రికార్డింగ్ బందరులో, మా బాబాయ్ వాళ్ళ ముందుగదిలో. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఈ ఉక్కపోతలో దాన్ని ఆపలేం. బాబాయ్ ముప్పై రెండేళ్ళు ఇక్కడే బట్టల కొట్టు నడిపాడు. విన్సెంట్ ద గూర్నే అనే ఫ్రెంచి వర్తకుడి 250 ఏళ్ళు దాటిన కథ కోసం బాబాయ్‌ని ఎందుకు కూర్చోబెట్టానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. బాబాయ్, ముందు ఆ బల్ల మీద ఉన్నదేంటో చెప్పు.

బాబాయ్: నమస్కారమండీ. ఇది పెడన దుప్పటి, అచ్చుల పని. మన బందరు కలంకారీ అంటారే, అదే. కోరా బట్టను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండబెడతారు. ఆ పాలలో కొవ్వు ఉంటుంది కదా, అందుకే రంగు పాకిపోకుండా అచ్చు వేసినచోటే నిలుస్తుంది. పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నలుపు. ఎరుపు రావాలంటే పటిక అచ్చు వేసి, తర్వాత రంగు వేరుతో ఉడకబెట్టాలి. పూర్వం చిరివేరు వాడేవారు. ఎరుపు పటిక ఉన్నచోటే పట్టుకుంటుంది, మిగతాచోట ఉతుకులో పోతుంది. మంచి పనైతే పదేళ్ళు ఉతికినా చెక్కు చెదరదు.

హోస్ట్: సరిగ్గా ఈ గుణమే ఒకప్పుడు యూరప్‌ను పిచ్చెక్కించింది. అప్పటిదాకా వాళ్ళ దగ్గర ఇంత పల్చగా, ఇన్ని రంగులతో, ఉతికితే పోని బట్ట లేదు. ఫ్రాన్స్‌లో వీటిని ‘ఇండియెన్’ అనేవాళ్ళు. మన బందరు నుంచి, మొత్తం కోరమాండల్ తీరం నుంచి వెళ్ళేవి. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లోనే బందరులో వర్తక స్థావరం పెట్టింది. ఆ తర్వాత పదిహేడేళ్ళకి, 1686లో ఫ్రాన్స్ రాజు వీటిని నిషేధించాడు. అమ్మకూడదు, తర్వాతి ఉత్తర్వులతో కట్టుకోకూడదు కూడా. చివరికి ఫ్రాన్స్‌లో వాళ్ళ సొంత పనివాళ్ళు కూడా నూలు బట్ట మీద అచ్చు వేయకూడదు.

బాబాయ్: సొంతవాళ్ళు కూడానా? అదెందుకు?

హోస్ట్: పట్టు నేసేవాళ్ళు, ఉన్ని నేసేవాళ్ళు గగ్గోలు పెట్టారు. లియోన్, తూర్, రువాఁ లాంటి ఊళ్ళ తయారీదారులు. ఈ చవక రంగుబట్ట వస్తే మా మగ్గాలు ఆగిపోతాయన్నారు. నిషేధం 73 ఏళ్ళు నడిచింది. 1686 నుంచి 1759 దాకా. దాన్ని ఎత్తేయాలని పోరాడినవాళ్ళలో ముఖ్యుడు ఈ రోజు మన మనిషి, విన్సెంట్ ద గూర్నే. అతను పుట్టింది పండితుల ఇంట్లో కాదు, నీలాగే బట్టలమ్మే ఇంట్లో.

బాబాయ్: అయితే వింటాను.

హోస్ట్: 1712 మే నెలలో ఫ్రాన్స్ వాయవ్య తీరంలో, సెయింట్ మాలో అనే ఓడరేవులో పుట్టాడు. తండ్రి అక్కడ పేరున్న వ్యాపారి. ఆ ఊరివాళ్ళ ముఖ్యమైన సరుకు బ్రిటనీ ప్రాంతపు నార బట్ట. దాన్ని స్పెయిన్‌లోని కాడిజ్ రేవుకి పంపేవాళ్ళు, అక్కడి నుంచి ఓడల్లో అమెరికా ఖండానికి వెళ్ళేది. స్పెయిన్ తన అమెరికా వర్తకమంతా ఆ ఒక్క రేవు గుండానే నడిపేది. 17 ఏళ్ళ వయసులో, 1729లో, ఈ కుర్రాణ్ణి తండ్రి కాడిజ్ పంపాడు, వ్యాపారం నేర్చుకోమని.

బాబాయ్: మా నాన్న నన్ను పదహారేళ్ళకి చీరాల పంపాడు. లెక్కలు రాయడం, బట్ట తాను చేత్తో పట్టుకుని నూలు నంబరు చెప్పడం అక్కడే వచ్చింది. ఇంటి దగ్గర ఉంటే రాదు.

హోస్ట్: అతను కాడిజ్‌లో పదిహేనేళ్ళు ఉన్నాడు బాబాయ్. 1744 వరకు. ఆ రేవులో ఓ విచిత్రం ఉండేది. స్పెయిన్ చట్టం ప్రకారం విదేశీయులు అమెరికాతో నేరుగా వ్యాపారం చేయకూడదు. కానీ సరుకులో పెద్ద వాటా ఫ్రెంచివాళ్ళది, డచ్చివాళ్ళది, ఇంగ్లీషువాళ్ళదే. ఎలాగంటే, ఓ స్పెయిన్ వర్తకుడి పేరు అరువు తెచ్చుకునేవాళ్ళు. కాగితం మీద పేరు అతనిది, డబ్బు, సరుకు వీళ్ళది.

బాబాయ్: బినామీ.

హోస్ట్: అవును, బినామీనే. అంటే తన యవ్వనమంతా గూర్నే రోజూ చూసింది ఇదే. చట్టం ఒకలా ఉంటుంది, రేవులో ఓడ ఇంకోలా నడుస్తుంది. మధ్యలో ఖర్చు పెరుగుతుంది, చేతులు తడపాల్సి వస్తుంది. కాడిజ్‌లో ఉన్నప్పుడే ఇంగ్లీషు, డచ్చి పుస్తకాలు చదివాడు, వాళ్ళు ఎందుకు ముందుకెళ్ళారో తెలుసుకోవాలని. తర్వాత హాలెండ్, ఇంగ్లండ్ తిరిగి కళ్ళారా చూశాడు. 1746లో వ్యాపార భాగస్తుడు చనిపోతూ ఆస్తి ఇతనికి రాశాడు. అందులో గూర్నే అనే ఎస్టేటు కూడా ఉంది. ఆ పేరే ఇతనికి స్థిరపడిపోయింది. వ్యాపారం చాలించి పారిస్ చేరాడు, 1751లో ప్రభుత్వ పదవి కొనుక్కున్నాడు.

బాబాయ్: కొనుక్కోవడమేంటమ్మా?

హోస్ట్: ఆ కాలం ఫ్రాన్స్‌లో చాలా ఉద్యోగాలు డబ్బు పెట్టి కొనుక్కునేవే, అది మామూలు సంగతి. ఇతను కొన్నది వాణిజ్య ఇంటెండెంట్ పదవి, అంటే వర్తకాన్ని పర్యవేక్షించే అధికారి. దేశం మొత్తానికి అలాంటివాళ్ళు నలుగురే. ఇరవై ఏళ్ళు సరుకు కొని అమ్మిన మనిషి ఇప్పుడు బల్లకి అవతలి వైపు, అధికారి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ ఫైళ్ళు తెరిస్తే ఏం కనబడిందో వింటే నీకు కోపం వస్తుంది.

బాబాయ్: చెప్పు.

హోస్ట్: అతని యువ మిత్రుడు తుర్గో ఉన్నాడు, తర్వాత ఫ్రాన్స్ ఆర్థిక మంత్రి అయ్యాడు. గూర్నే పోయిన ఏడాదే అతని గురించి ఓ సంస్మరణ రాశాడు. మనకి గూర్నే గురించి తెలిసిన దాంట్లో సగం ఆ కాగితాల నుంచే. అందులో ఉన్న ముచ్చట ఇది. ఫ్రాన్స్‌లో ప్రతి రకం బట్టకి పొడవెంత, పన్నా ఎంత, పడుగులో పోగులెన్ని అని చట్టం ఉండేది. ఆ నియమాలే నాలుగు పెద్ద సంపుటాలు. మగ్గం మీంచి దిగిన తానును ఇన్‌స్పెక్టర్ కొలుస్తాడు. లెక్క తప్పితే తానును మూడు ఔన్లకొక ముక్క చొప్పున కోసేస్తారు. ఔన్ అంటే దాదాపు 1.2 మీటర్లు.

బాబాయ్: మూడు ఔన్లు... అంటే మూడున్నర మీటర్ల ముక్కలు. దేనికీ చాలదు. చీరకి అయిదున్నర కావాలి. తానుగా అమ్ముడయ్యే సరుకు ముక్కైపోతే కట్‌పీసు ధర కూడా పలకదు. నాలుగు వారాలు నేసిన నేతకాడి ఎదురుగానే కోస్తారా?

హోస్ట్: కోసి, పైగా జరిమానా. ఒక్కోసారి ఆ జరిమానాకే ఇల్లు గుల్లైపోయేదని తుర్గో రాశాడు. గూర్నే పుట్టకముందు, 1670లో ఇంకా దారుణమైన ఉత్తర్వు ఒకటుంది. తప్పున్న బట్టను తొమ్మిది అడుగుల స్తంభానికి కట్టి, తయారుచేసినవాడి పేరు రాసి ఊళ్ళో పెట్టాలి. మూడోసారి దొరికితే మనిషినే రెండు గంటలు ఆ స్తంభానికి కట్టేయాలి.

బాబాయ్: (కాసేపు ఆగి) నా చిన్నప్పటిది ఒకటి చెప్తాను. మా వీధిలో ఓ ముసలాయన నేసేవాడు. ఒక చోట సరుకు కొనేవాళ్ళు. ఏ చోటో వద్దులే. ఒకసారి ఆయన తెచ్చిన తానుకి పన్నా అర అంగుళం తగ్గిందని పక్కకి విసిరేశారు. మెట్ల మీద నుంచి దుమ్ములో పడింది. ఆయన ఏమీ అనలేదు. తువ్వాలు తీసి దుమ్ము దులిపి, మళ్ళీ అంతే శ్రద్ధగా మడత పెట్టుకున్నాడు. అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయేమో. మా నాన్న ఆ తాను కొన్నాడు, కాస్త తక్కువకి. అది నెలలో అమ్ముడుపోయింది. లంగాలకి పన్నా తక్కువైనా పర్లేదని ఎవరో కొనుక్కెళ్ళారు.

హోస్ట్: బాబాయ్, నిజంగా గూర్నే అన్న మాట సరిగ్గా ఇదే. తుర్గో రాసిన దాని భావం ఇది: ఒక పనివాడు ఓ బట్ట నేశాడంటే దేశ సంపదకి ఏదో ఒకటి చేర్చినట్టే. అది మిగతావాటికంటే నాసిగా ఉందనుకో, కొనేవాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఎక్కువ ధర పెట్టలేని ఎవరికో ఒకరికి ఆ నాసిదే సరిపోతుంది. గూర్నేకి ఇది ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. కాడిజ్‌లో ఎన్ని రకాల జనం ఎన్ని రకాల బట్ట కొంటారో చూసినవాడు.

బాబాయ్: కొట్లో కూర్చున్నవాడికి మొదటి నెలలోనే తెలుస్తుంది అది.

హోస్ట్: అతనికి వింతగా తోచిన ఇంకోటి, పనివాళ్ళ సంఘాలు. పారిస్‌లోనో లియోన్‌లోనో నువ్వు నేయాలన్నా కుట్టాలన్నా ఆ వృత్తి సంఘంలో సభ్యత్వం ఉండాలి. దానికి ఏళ్ళ తరబడి శిష్యరికం, తర్వాత జీతానికి పని, తర్వాత రుసుములు. ఆ సంఘంలో మాస్టర్ కొడుకైతే దారి సులువు. బయటివాడికి చేతిలో పని ఉన్నా చేసే హక్కు లేదు. 1753లో లియోన్ వాణిజ్య మండలికి గూర్నే ఘాటుగా రాశాడు, మీ కట్టుబాట్ల వల్ల మీ పనివాళ్ళే పక్క దేశాలకి పోతున్నారు అని.

బాబాయ్: అయితే ఈయన వద్దన్నదంతా బాగానే ఉంది. కావాలన్నదేంటి?

హోస్ట్: రెండు మాటల్లో చెప్పాడంటారు. ఫ్రెంచిలో ‘లెస్సే ఫేర్, లెస్సే పాసే’. చేసుకోనివ్వండి, పోనివ్వండి. చేసుకోనివ్వండి అన్నది పనివాడి గురించి. పోనివ్వండి అన్నది సరుకు గురించి. ఎందుకంటే ఫ్రాన్స్ లోపలే, ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి వెళ్ళాలంటే సుంకాలు, నదుల మీద టోల్‌గేట్లు. మొదటి సగం అంతకుముందు నుంచీ ఉన్నదే. కోల్బేర్ అనే మంత్రి వర్తకుల్ని పిలిచి మీకేం చేయమంటారని అడిగితే, లెజాంద్ర్ అనే వర్తకుడు ‘మమ్మల్ని చేసుకోనివ్వండి’ అన్నాడట. రెండు సగాలు కలిపి జనం నోళ్ళలో తిరిగేలా చేసింది మాత్రం గూర్నే అనే ఆ తర్వాతి తరం నమ్మింది.

బాబాయ్: పోనివ్వండి అన్న మాట విలువ లారీ కోసం ఎదురుచూసినవాడికి తెలుస్తుంది. పండగ ముందు నా సరుకు లారీ ఒక చెక్‌పోస్టులో రెండు రోజులు ఆగిపోయింది. కాగితాలన్నీ ఉన్నాయి, ఒక ముద్ర పక్కకి పడిందట. దసరా శనివారం, నా లారీ సోమవారం వచ్చింది. ఆ ఏడు ఆ చీరలు సంక్రాంతి దాకా అలమారలో ఉన్నాయి. వడ్డీ నేను కట్టాను.

హోస్ట్: ఈ పరిస్థితికి అతను ఒక పేరు పెట్టాడు బాబాయ్. ఈ రోజు ప్రపంచమంతా వాడే మాట, ‘బ్యూరోక్రసీ’. గ్రిమ్ అనే పాత్రికేయుడు 1764లో రాశాడు. గతించిన గూర్నే గారు అనేవారట, ఫ్రాన్స్‌కి ఒక జబ్బు ఉంది, దాని పేరు బ్యూరోమేనియా, అది మనల్ని నాశనం చేస్తోంది అని. రాజుల పాలన, ప్రజల పాలన అన్నట్టు ఇది బల్లల పాలన. బ్యూరో అంటే రాతబల్ల. అసలు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బల్ల మీద పరిచే ముతక ఉన్ని గుడ్డ పేరు నుంచి.

బాబాయ్: అదీ బట్టేనా!

హోస్ట్: అదీ బట్టే. నాకు గూర్నేలో బాగా నచ్చేది ఇంకోటుంది. అతను సొంతంగా ఒక్క పెద్ద పుస్తకం కూడా రాయలేదు. ఇంగ్లీషు వర్తకుడు జోసయా చైల్డ్ పుస్తకాన్ని అనువదించి 1754లో వేశాడు. దానికి తను రాసుకున్న వ్యాఖ్యలు మాత్రం అచ్చు కాలేదు, ఆర్థిక మంత్రి ఒప్పుకోలేదు. అందుకని దారి మార్చాడు. చుట్టూ చురుకైన కుర్రాళ్ళని చేర్చాడు. తుర్గో, మొరెల్లే, ఫోర్బొనే, ఇంకా కొందరు. నువ్వు ఈ ఇంగ్లీషు పుస్తకం అనువదించు, నువ్వు ఈ సమస్య మీద రాయి అని పనులు పంచాడు. పుస్తకాలకి అనుమతిచ్చే అధికారి మాల్‌షెర్బ్ కూడా స్నేహితుడే. దాంతో అప్పటిదాకా మంత్రుల గదుల్లో గుసగుసగా సాగిన విషయాలు, పన్నులు, ధాన్యం, వడ్డీ, నేత, ఇవన్నీ అచ్చులోకొచ్చి, మామూలు చదువరులు వాదించుకునేవయ్యాయి.

బాబాయ్: కుర్రాళ్ళు విన్నారా?

హోస్ట్: 1755లో, 56లో పడమటి ఫ్రాన్స్ అంతా తనిఖీకి తిరిగినప్పుడు తుర్గోని వెంట తీసుకెళ్ళాడు. తుర్గోకి అప్పుడు 28 ఏళ్ళు. లా రొషెల్, బోర్డో, లోయర్ నదీ తీరం, బ్రిటనీ. మగ్గాల దగ్గరికెళ్ళి, రేవుల్లో ఓడలెక్కి, వర్తకులతో మాట్లాడుతూ. మిగతా అధికారులు ఊరికొస్తే జనం సరుకు దాచేవాళ్ళు. ఇతను మాత్రం నేతకాళ్ళ మీద జరిమానా వేయించడానికి వచ్చినవాడు కాదు, వాళ్ళ గోడు వినడానికి వచ్చినవాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1776లో, అదే తుర్గో మంత్రిగా ఆ వృత్తి సంఘాల్ని రద్దుచేశాడు. ఆ ఏడే పదవి పోయింది, సంఘాలు తిరిగొచ్చాయి, అది వేరే కథ. కానీ విత్తనం ఆ బండి ప్రయాణంలో పడింది.

బాబాయ్: మరి మన బట్ట సంగతి?

హోస్ట్: వస్తున్నా. 1755కల్లా నిషేధం పేరుకే మిగిలింది. చట్టం కఠినంగానే ఉంది. వీధిలోనో, కిటికీ దగ్గరో ఇండియెన్ గౌనుతో కనబడ్డ ఆడవాళ్ళకి జరిమానాలు. సరుకు తెచ్చే దొంగ వర్తకులకి ఓడల్లో తెడ్లు వేసే శిక్ష, ఆయుధాలతో దొరికితే మరణశిక్ష. అదే సమయంలో రాజు ప్రియురాలు మదామ్ పాంపడూర్ భవనంలో కుర్చీలకీ పరదాలకీ అంతా నిషేధించిన బట్టే అని రాశారు. ఆ ఏడు మే నెలలో మాండ్రిన్ అనే దొంగ వర్తకుణ్ణి వలాన్స్ పట్టణంలో చక్రానికి కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. పొగాకు, మన బట్టలు సరిహద్దు దాటించి బహిరంగంగా సంతల్లో అమ్మినవాడు. జనం అతని మీద పాటలు కట్టుకున్నారు.

బాబాయ్: అంటే పెడనలోనో, బందరులోనో ఎవరో పిల్ల కూర్చుని అచ్చు కొట్టిన గుడ్డ కోసం అక్కడ మనుషులు చచ్చారన్నమాట.

హోస్ట్: అదే ఏడాది నిషేధం గురించి ఓ చిన్న పుస్తకం వచ్చింది. ఒకవైపు ఫోర్బొనే వాదన, పక్కనే గూర్నే వ్యాఖ్యలు. గూర్నే వాదన నేలమీద నిలబడ్డ వాదన. జనం కావాలనుకుంటున్నారు, కొంటున్నారు, ఏ కాపలా ఆపలేకపోతోంది. మనం అచ్చు వేయడం ఆపితే ఆ పని స్విట్జర్లాండ్, హాలెండ్, ఇంగ్లండ్ చేసుకుని మనకే అమ్ముతున్నాయి. మన పనివాళ్ళ కూడు మనమే వాళ్ళకి పెడుతున్నాం. 1758లో మొరెల్లే దీని మీద ఇంకా పెద్ద పుస్తకం రాశాడు. గూర్నే పై అధికారి త్రుదేన్ కూడా ఇటువైపే.

బాబాయ్: ఒక్కటి అడుగుతాను. ఆయన మన నేతగాడి గురించి ఆలోచించాడా? లేక ఫ్రాన్స్ పనివాడి గురించా?

హోస్ట్: ఫ్రాన్స్ పనివాడి గురించే బాబాయ్. దాచి లాభం లేదు. అతని నినాదం వట్టి స్వేచ్ఛ కాదు, ‘స్వేచ్ఛ, రక్షణ’ రెండూ. దేశం లోపల కట్లు విప్పమన్నాడు. కానీ ఓడల విషయంలో ఇంగ్లండ్ చేసినట్టు ఫ్రాన్స్ కూడా తన సరుకు తన ఓడల్లోనే తెచ్చుకునే చట్టం చేసుకోవాలన్నాడు. ఈ రోజు మనం స్వేచ్ఛా వాణిజ్యం అనే అర్థంలో చూస్తే అతను సగం దారిలో ఉన్నాడు. నాకు అది లోపంలా అనిపించదు. రేవులో పెరిగినవాడికి అవతలి ఓడకి ఫిరంగులున్నాయని తెలుసు.

బాబాయ్: నాకు అదే సరైనదనిపిస్తుంది. 1985లో మన దగ్గర చేనేతకి కొన్ని రకాలు రిజర్వ్ చేసి చట్టం తెచ్చారు, పవర్‌లూమ్ వాటిని నేయకూడదని. నువ్వేమో ఇదీ కట్టుబాటే అంటావు.

హోస్ట్: అంటాను.

బాబాయ్: నేను ఒప్పుకోను. పెడనలో ఇప్పుడు స్క్రీన్ ప్రింటు వేసి కలంకారీ అని అమ్ముతున్నారు. నలభై రోజుల పనికీ, నాలుగు గంటల పనికీ ఒకే పేరు. స్క్రీన్ ప్రింటు వేసుకోనీ, కొనేవాడు కొననీ. కానీ పేరు వేరు పెట్టాలి కదా? నీ గూర్నే తాను చింపొద్దన్నాడు, బాగానే ఉంది. తాను మీద నిజం రాయమనడం చింపడం కాదు.

హోస్ట్: ఆ మాట అతను కాదనేవాడు కాదనే నా నమ్మకం. ఇంకో సంగతి, ఇది మనకి సూటిగా తగిలేది. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యాన్ని కూడా అతను తప్పుబట్టాడు. 1755లోనే రాసి పెట్టాడు, ఇండియా వర్తకం ఒక్క కంపెనీకే ఎందుకు, వర్తకులందరికీ తెరవండి అని. అతను పోయిన పదేళ్ళకి, 1769లో, మొరెల్లే ఆ కాగితాన్ని తన నివేదికకి జోడించి అచ్చు వేశాడు. ఆ ఏడే కంపెనీ గుత్తహక్కు పోయింది.

బాబాయ్: 1755 అంటే ఇక్కడ ఫ్రెంచి సేనాని బుస్సీ కాలం.

హోస్ట్: అవును, నిజాం సలాబత్ జంగ్ నుంచి ఉత్తర సర్కారులు బుస్సీ చేతికొచ్చాయి. 1757లో బొబ్బిలి కోట మీదికి వెళ్ళింది ఆ బుస్సీనే. పారిస్‌లో గూర్నే కంపెనీకి సైన్యాలు, కోటలు ఎందుకు, వర్తకం చేయక అన్న ధోరణిలో రాస్తున్నప్పుడు, ఆ కంపెనీ మన ఊళ్ళలో యుద్ధాలు చేస్తోంది.

ఇప్పుడు 1758, 59 వినండి. ఆ రెండేళ్ళ గురించి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసేశాను. స్పెయిన్‌లో గూర్నే వదిలొచ్చిన పెట్టుబడి దెబ్బతింది. పదవి అమ్ముకోవాల్సి వచ్చింది. పెద్దలు చెప్పారు, రాజును ఏదైనా గ్రాంటు అడుగు, ఇస్తారు అని. అడగలేదు. అలాంటి అనుగ్రహాలు దేశానికి చేటని ఏళ్ళ తరబడి అన్నవాణ్ణి, నాకోసం మినహాయింపు అడగలేనన్నాడు. తుంటి దగ్గర కణితి వచ్చింది. నెలల తరబడి నొప్పి. 1759 జూన్ 27న పోయాడు. 47 ఏళ్ళు.

బాబాయ్: చిన్నవాడే.

హోస్ట్: అంతకుముందు ఏప్రిల్‌లో, ఇక్కడ, ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ చందుర్తి యుద్ధం గెలిచి వచ్చి బందరు కోట పట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి ఈ ఊరు పోయింది. సెప్టెంబరులో పారిస్‌లో నిషేధం ఎత్తేశారు. బయటి సరుకు మీద సుంకం పెట్టి, లోపల అచ్చు వేసుకోవడానికి అనుమతిచ్చారు. గూర్నే పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. మన బట్టని ఫ్రాన్స్‌లోకి రానిచ్చిన ఏడూ, ఆ బట్ట బయల్దేరే రేవు ఫ్రాన్స్ పోగొట్టుకున్న ఏడూ ఒకటే.

బాబాయ్: అయితే లాభం ఎవరికి?

హోస్ట్: 1760లో ఓబర్‌కాంఫ్ అనే ఇరవై దాటిన కుర్రాడు పారిస్ పక్కన జూయి ఊళ్ళో అచ్చుల కార్ఖానా పెట్టాడు. కొన్నాళ్ళకే అది దేశంలోనే పెద్దది. వాళ్ళకి మన పని తెలిసిందెలాగో చెప్పనా? చాలామంది రాసి పంపారు. వాళ్ళలో ఒకాయన కేర్దూ అనే జెసూట్ క్రైస్తవ మతగురువు. 1742లో మన దేశం నుంచి ఫ్రాన్స్‌కి ఒక ఉత్తరం రాశాడు. కరక్కాయ, గేదె పాలు, పటిక, ఏది ముందు, ఏది తర్వాత, ఎన్నిసార్లు ఉతకాలి, అన్నీ. అద్దకం పనివాళ్ళలో తాను మతంలో చేర్చినవాళ్ళని అడిగి తెలుసుకున్నాడు. ఈ కేర్దూ తెలుగు నేర్చుకుని తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు.

బాబాయ్: తెలుగు వచ్చినవాడే పట్టుకెళ్ళాడన్నమాట. (దుప్పటి దగ్గరికి లాక్కుని) పట్టుకెళ్ళనీ. పని ఎవరికైనా వస్తుంది, చేసుకోనివ్వండి అన్నాం కదా. నాకు బాధల్లా, వాళ్ళు చేసుకునే వేళకి మనల్ని చేసుకోనివ్వలేదు. తర్వాత వచ్చిన ఇంగ్లీషు కంపెనీ బయానా ఇచ్చి, ఇంకెవరికీ నేయొద్దని నేతకాళ్ళ ఇళ్ళ ముందు బంట్రోతుల్ని కూర్చోబెట్టింది.

హోస్ట్: గూర్నే చూసి ఉంటే ఏమనేవాడో అని అనిపిస్తుంది నాకు.

బాబాయ్: ఆయన వ్యాఖ్యలు అచ్చు కాలేదన్నావే, అవి ఉన్నాయా, పోయాయా?

హోస్ట్: ఉన్నాయి. బ్రిటనీలో సెయింట్ బ్రియూ ఊరి గ్రంథాలయంలో రాతప్రతులు దొరికాయి. త్సుదా అనే జపాన్ పండితుడు ఓపికగా పరిష్కరించి 1983లో టోక్యోలో అచ్చు వేశాడు. రాసిన దాదాపు 230 ఏళ్ళకి.

బాబాయ్: జపాన్ ఆయనా! మంచి పని చేశాడు. తెలుగులోకి ఎవరైనా తెస్తే చెప్పు, మొదటి కాపీ నేను కొంటాను.

హోస్ట్: తప్పకుండా. వచ్చే వారం తుర్గో మంత్రిగా ఉన్న ఇరవై నెలల గురించి. ఆ ఎపిసోడ్ కూడా బందరు నుంచే, బాబాయ్ ఒప్పుకుంటే.

బాబాయ్: మధ్యాహ్నం మూడు తర్వాత రండి. అప్పటికి గాలి తిరుగుతుంది.